టెక్ సందేహాలు: సర్వేలో అడిగారు, యాప్‌లో వాడట్లేదు

ప్రశ్న: నలుగురం కలిసి ఇంటి ఖర్చులు రాసుకునే యాప్ చేస్తున్నాం. సర్వేలో చాలామంది నెలవారీ రిపోర్టు కావాలన్నారు. తీరా పెట్టాక ఎవరూ వాడట్లేదు. ఇంకా పెద్ద సర్వే చేయాలా?

జవాబు: వద్దు. ‘ఇది ఉంటే వాడతారా?’ అని అడిగితే మొహమాటానికైనా వాడతామనే అంటారు. ‘ఎందుకు వాడట్లేదు’ అన్నది ఇప్పుడు మీకు కావాల్సింది. ముందు యాప్ అనలిటిక్స్, అంటే యాప్‌లో ఏ పేజీని ఎంతమంది తెరిచారో చూపే లెక్కలు, చూడండి. రిపోర్టు పేజీని అసలు తెరవట్లేదా, ఒకసారి తెరిచి మళ్లీ అటు రావట్లేదా?

తెరవనే లేదంటే, అది కంటికి ఆనట్లేదేమో. యూజబిలిటీ టెస్ట్ పెట్టండి, అంటే వాడేవాళ్లకు ఒక పని ఇచ్చి ఎలా చేస్తారో గమనించండి. ‘రిపోర్టు తెరవండి’ అనకండి, దారి మీరే చూపించినట్టవుతుంది. ‘పోయిన నెల దేనికి ఎక్కువ ఖర్చయిందో కనుక్కోండి’ అని ఫోన్ చేతికిచ్చి, మనసులో అనుకునేది పైకి చెప్పమనండి. తర్వాత మీరు నోరు మెదపకూడదు. కష్టమే, పక్కన కూర్చుని సాయం చేయకుండా ఉండలేం. కానీ వేలు ఎక్కడ ఆగింది, ఏ మాటను రెండుసార్లు చదివారు అన్నదే మీకు కావాల్సిన సమాచారం.

ఐదుగురు చాలు. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడితే, ఐదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయని యూజబిలిటీ పరిశోధకులు నీల్సన్, లాండవర్ 1993లో వేసిన లెక్క చెబుతుంది. అది లోపాలు పట్టుకోవడానికే. ముగ్గురు తడబడ్డారని ‘60 శాతం మందికి ఇబ్బంది’ అని మాత్రం రాయకండి.

ఒకసారి చూసి వదిలేస్తున్నారంటే ఇంటర్వ్యూలు చేయండి. ‘ఏం కావాలి’ అని కాకుండా ‘చివరిసారి ఖర్చుల లెక్క ఎప్పుడు చూసుకున్నారు, ఎందుకు?’ అని జరిగిందే అడగండి. డబ్బు తక్కువ పడిన రోజే లెక్క చూసుకునేవారికి నెలాఖరు రిపోర్టు ఏం పనికొస్తుంది?

ఈ కారణాలు తెలిశాక, ఏది ఎంతమందికి వర్తిస్తుందో తేల్చడానికి సర్వే చేయండి. ఏ/బీ టెస్ట్ (కొందరికి ఒక రూపం, మిగతావాళ్లకు ఇంకో రూపం చూపించి పోల్చడం) జోలికి ఇప్పుడే వెళ్లకండి. యూజర్లు తక్కువగా ఉంటే అందులో వచ్చే తేడాను నమ్మలేం.

ప్రశ్న: మా వెబ్‌సైట్ మెనూలో ఏది ఎక్కడ పెట్టాలో మాలో మాకే కుదరట్లేదు.

జవాబు: కార్డ్ సార్టింగ్ చేయండి. ఒక్కో అంశం ఒక్కో కార్డు మీద రాసి, వాడేవాళ్లనే గుంపులు కట్టి పేర్లు పెట్టమనండి. దాన్నిబట్టి మెనూ వేశాక, డిజైన్ ఏమీ లేకుండా ఆ పేర్లు మాత్రమే చూపించి ‘ఫలానాది ఎక్కడుంటుంది?’ అని వేరేవాళ్లను అడగండి. దీన్నే ట్రీ టెస్ట్ అంటారు.