సీపీయూ రిపేరుకిస్తే డి డ్రైవ్ కూడా ఫార్మాట్ కొట్టేశాడు, షాపేమో ఆంధ్రాలో, మేమేమో ఒడిశాలో

ప్రశ్న: మాది పర్లాకిమిడి, రిటైర్డ్ టీచర్ని. ఇంట్లో సిస్టమ్ ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చి ఊరికే రీస్టార్ట్ అయిపోతుంటే బోర్డర్ అవతల పాతపట్నంలో ఒక షాపులో ఇచ్చాను. డి డ్రైవ్ ముట్టుకోవద్దు, ఫొటోలున్నాయి అని వాట్సాప్‌లో పెడితే ఓకే సార్ అన్నాడు. తీరా మొత్తం ఫార్మాట్ కొట్టేసి కొత్త విండోస్ వేసి 1,500 ఫోన్‌పే చేయించుకున్నాడు, బిల్లు లేదు. ఇప్పుడు యాక్టివేట్ చేయమని స్క్రీన్ మీద వస్తోంది. గట్టిగా అడిగితే, మీ ఇంట్లో ఉన్నది క్రాక్ విండోస్, కేసు పెడితే ముందు మీరే లోపలికెళ్తారు అంటున్నాడు. సిస్టమ్ మాత్రం బిల్లుతో కొన్న కంపెనీదే, విండోస్ దాంతోనే వచ్చింది. కేసు ఎక్కడ వేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ బెదిరింపు సంగతి తేల్చేద్దాం, చాలామంది అక్కడే భయపడి ఆగిపోతున్నారు. 1957 కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది, దొంగ కాపీ అని తెలిసీ ఆ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా ఫైన్. ఇక్కడ తెలిసీ వాడారా లేదా అన్నదే అసలు పాయింటు, మీకు తెలియదు, వేసింది అతను. పైగా వ్యాపారానికి కాకుండా వాడుకున్నవాళ్లకి జైలు లేకుండా 50 వేల లోపు ఫైన్‌తో సరిపెట్టే అధికారం కూడా అదే సెక్షన్ కోర్టుకి ఇచ్చింది. మరి అతనో, డబ్బులు తీసుకుని వేశాడు, 63 సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్లు అతనికే ఉంది, కాబట్టి పోలీస్ స్టేషన్ పేరెత్తే ధైర్యం అతనికి ఉంటుందని నేననుకోను. కాకపోతే ఒకటి, ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా, ఇంకా అదే క్రాక్‌తో నడుపుతూ కూర్చోవద్దు.

అసలు విచిత్రం ఏంటంటే మీకు క్రాక్ అవసరమే లేదు. ఈమధ్య కంపెనీ సిస్టమ్స్‌లో విండోస్ కీ, అంటే లైసెన్స్ కోడ్, మదర్‌బోర్డులోనే పడి ఉంటుంది, విండోస్‌లో హోమ్, ప్రో అని రకాలుంటాయి, వాటినే ఎడిషన్లంటారు, చాలావాటికి వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్, మళ్లీ అదే ఎడిషన్ వేసి నెట్ పెడితే దానంతటదే యాక్టివేట్ అయిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. చాలా షాపుల్లో ఒకటే పెన్ డ్రైవ్, అందులో ప్రో ఎడిషన్, వచ్చిన ప్రతి సీపీయూకీ అదే కొట్టేస్తారు, ఎడిషన్ కలవదు కాబట్టి యాక్టివేట్ కాదు, దాని మీద ఒక క్రాక్ టూల్ వేసి చేతిలో పెడతారు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి అక్కడ ఏ ఎడిషన్ రాసుందో ఫోన్‌తో ఫొటో తీయండి, పాత బిల్లు పక్కన పెట్టండి. బిల్లులో హోమ్ అని, స్క్రీన్ మీద ప్రో అని ఉంటే మీ కేసులో అంతకు మించిన సాక్ష్యం లేదు, దానికి ఏ ఎక్స్‌పర్టూ రానక్కర్లేదు.

ఆ ఫొటో తీశాక సిస్టమ్ ఆపేయండి. కోపంలో ఇంకో షాపుకి తీసుకెళ్లి మళ్లీ విండోస్ కొట్టిస్తే మిగిలిన ఫైళ్లూ పోతాయి, సాక్ష్యమూ పోతుంది. మామూలు హార్డ్ డిస్క్ అయితే ఫార్మాట్ కొట్టినా పైన కొత్త డేటా రాయనంత వరకు చాలా ఫొటోలు వెనక్కి రావొచ్చు, చిప్‌లతో నడిచే ఎస్ఎస్‌డీ డిస్క్ అయితే ఆశ బాగా తక్కువ. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గర బిల్లుతో పాటు ఏం పోయిందో, ఏం వచ్చిందో కాగితం మీద రాయించుకోండి, పోయిన ఫొటోలకి వినియోగదారుల కమిషన్ ముందు మీరు చూపించగలిగే లెక్క అదొక్కటే.

ఇక కేసు ఎక్కడ అంటే, పర్లాకిమిడిలోనే. 1986 నాటి పాత చట్టంలో అయితే షాపు ఉన్నచోటికో, వ్యవహారం జరిగినచోటికో వెళ్లాల్సొచ్చేది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల చట్టంలో 34వ సెక్షన్ మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చని చెప్తోంది, అంటే గజపతి జిల్లా కమిషన్. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ లేకపోయినా నడుస్తుంది, జరిగిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. వద్దన్న డ్రైవ్ ఫార్మాట్ కొట్టడం సేవాలోపం, బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం విడిగా ఇంకో తప్పు. డేటాకి మా బాధ్యత లేదు అని గోడ మీద బోర్డు ఉంది కదా అని అతను వాదిస్తాడు, వాదించనీండి, మీ మెసేజ్‌కి ఓకే సార్ అన్నాక ఆ బోర్డుకి పెద్ద బలం ఉండదు.

మెసేజ్‌లు తెలుగులో ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ అనువాదం జత చేయండి, బెంచ్ మీద ఉన్నవాళ్లకి తెలుగు రావాలని లేదు. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లు పోకుండా పట్టుకోవు గానీ, ఫోన్, కంప్యూటర్ సాక్ష్యాలకి 2023 సాక్ష్య చట్టం 63(4) కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కూడా పెట్టేస్తే అవతలివాళ్లు అడ్డం చెప్పడానికి ఏమీ ఉండదు.

కంప్యూటర్ నేరాలకి ఉన్న ఐటీ యాక్ట్ కింద క్రిమినల్ కేసు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. 66వ సెక్షన్‌కి దురుద్దేశం చూపించాలి, ఇక్కడ కనిపించేది నిర్లక్ష్యమే. అతను ఇంట్లోవాళ్ల ఫొటోలు కాపీ చేసుకున్నాడని తేలితే మాత్రం కథ వేరు, అప్పుడు సైబర్ క్రైమ్ పోర్టల్ cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి.

10 లక్షలు కావాలని మాత్రం రాయకండి మాస్టారూ, అలాంటి అంకె చూడగానే కేసు పలచబడుతుంది. 1,500 వాపసు, రికవరీ ఖర్చు, మనోవేదనకి ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు, అంతే. ఆర్డర్ వచ్చాక బోర్డర్ అవతల ఉన్నాను కదా అని అతను కూర్చుంటే అదే వినియోగదారుల చట్టంలో 72వ సెక్షన్ ఉంది, నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేలకి తగ్గకుండా లక్ష దాకా ఫైన్, లేదా రెండూ.

వీటన్నిటికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. దానికీ దిగిరాకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో ఒక నోటీసు పంపండి. నోటీసు తెలుగులోనే రాయండి, చదివి భయపడాల్సింది అతనే కదా, పోస్టాఫీసు రసీదు మాత్రం పారేయకండి.