ఇల్లు మారాక ఆకులు రాలుతున్నాయి

ప్రశ్న: నెల క్రితం ఇల్లు మారాం. పచ్చగా ఉండే మా ఫైకస్ మొక్క ఇక్కడికొచ్చాక రోజూ గుప్పెడు ఆకులు రాలుస్తోంది. సామాన్లు సర్దే హడావిడిలో అల్లడం ఆపేసిన మా పాప స్వెటర్ మళ్లీ పట్టుకుంటే, కొత్త వరసలు బిగుతుగా వస్తున్నాయి. రెండూ పాడైనట్టేనా?

జవాబు: లేదమ్మా, టెన్షన్ పడకండి. చోటు, వెలుతురు మారితే ఫైకస్ ఆకులు రాలుస్తుంది. మేము ఇల్లు మారినప్పుడు నేను కంగారుపడి రోజూ నీళ్లు పోశాను. వేళ్లు కుళ్లి మొక్క చచ్చిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆకులు తగ్గితే మొక్క తాగే నీళ్లూ తగ్గుతాయి. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మంచి వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టి, ఇక కదపకండి. కుండీ కూడా ఇప్పుడే మార్చొద్దు. కొమ్మను గోటితో కాస్త గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

స్వెటర్ సంగతి తేలికే. కొన్నాళ్లు ఆపితే చేతి బిగువు మారుతుంది. పాత భాగంలో 10 సెంటీమీటర్ల వెడల్పుకి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. కొత్తదాంట్లో ఎక్కువుంటే ఆ వరసలు విప్పి, ఒక సైజు లావు సూదులతో అల్లండి. అన్నట్టు, పాప చేతుల పొడవు మళ్లీ కొలవండి, ఈలోగా పెరిగి ఉంటుంది.