దానం టాస్కు గురించి రాసిన అమ్మాయికి

అమ్మా,

టీవీ పోటీల్లో పెట్టే దానం టాస్కుల మీద నీ వ్యాసం చదివాను. వాక్యానికి తూగు ఉంది, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. మెచ్చుకోలు ఇంతటితో సరి. మూడో పేజీలో ‘ఆటలో భాగంగానైతేనేం, ఆ డబ్బు అనాథ పిల్లలకే చేరింది కదా; వాళ్ల ముఖాల్లో నవ్వు చూశాక విమర్శించడానికి నోరు రాదు’ అని రాశావు చూడు, ఈ ఉత్తరం దాని కోసమే. నోరు రానప్పుడు వ్యాసం ఎందుకు మొదలుపెట్టినట్టు?

నువ్వు ఎంచుకున్న ఘట్టం మాత్రం గట్టిది. జట్లు దేశదేశాలు తిరుగుతూ పరుగు పందెం ఆడే అమెరికన్ టీవీ షో ‘ది అమేజింగ్ రేస్’, 19వ సీజన్, ఇండోనేషియా. జట్లు వీధిలో చిన్నాచితకా పనులు చేసి కొంత సంపాదించాలి, తీసుకెళ్లి అనాథాశ్రమంలో ఇవ్వాలి. అక్కడో బోర్డు పెట్టారు: చేతిలో ఉన్న డబ్బంతా ఇచ్చెయ్యాలని. హడావిడిలో కొన్ని జట్లు ఆ బోర్డు చూసుకోలేదు. సంపాదించింది మాత్రం ఇచ్చి, లెగ్ (రేసులో ఒక అంచె) ముగిసే పిట్‌స్టాప్‌కి పరిగెత్తాయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరగాల్సి వచ్చింది. దీన్ని నువ్వు ‘దురాశకు తగిన పాఠం’ అన్నావు. దురాశ ఎక్కడుందమ్మా ఇందులో? వాళ్ల జేబులో ఉన్నది వాళ్ల సొమ్మే కాదు. లెగ్ మొదట్లో క్లూ కవరుతో పాటు నిర్మాతలు చేతిలో పెట్టిన నగదు అది. సొంత డబ్బు వాడకూడదన్నది రేసు రూలు. అంటే నిర్మాత డబ్బు పోటీదారు చేతిమీదుగా ఆశ్రమానికి వెళ్లింది. మధ్యలో జరిగిన పరీక్ష బోర్డు చదివారా లేదా అన్నదొక్కటే. చదివినవాళ్లు టోల్‌గేటు దగ్గర కట్టినట్టు కట్టి ముందుకెళ్లారు, చదవనివాళ్లు వెనక్కొచ్చి కట్టారు. ఇందులో దాత ఎవరో నీ వ్యాసం మొత్తంలో ఎక్కడా తేల్చలేదు.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, విసుగొచ్చినా మళ్లీ చెబుతాను. దానం టాస్కు గురించి రాసేటప్పుడు మనసుల్ని పక్కన పెట్టి రూల్సు చదువు. ఇచ్చేవాడి గుండె కరిగిందా, కళ్లు చెమర్చాయా అన్నది ఎడిటింగ్ టేబుల్ మీద తయారయ్యే సరుకు. రూలు అలా తయారవదు. ఇచ్చే మొత్తం ముందే ఖాయమైందా, లేక ఆట ఫలితాన్ని బట్టి పెరుగుతుందా, తరుగుతుందా? ఇవ్వకపోతే తర్వాతి క్లూ వస్తుందా, రాదా? వెనకబడిన జట్టు చీకటి పడ్డాక వస్తే పిల్లల్ని అంతసేపూ మేలుకొలిపి కూర్చోబెట్టారా? జట్టు ఒకటి ముందే ఎలిమినేట్ అయితే దాని వంతు డబ్బు సంగతేంటి? షూటింగ్ చేసుకోనిచ్చిన హోటలుకి లొకేషన్ ఫీజు ముందే, బ్యాంకు ద్వారా కడతారు. ఆశ్రమానికీ అలాగే ముందే కట్టేసి, ఆటతో ముడిపెట్టకుండా వదిలేస్తే పిల్లలకు పోయేదేమీ లేదు. పోయేది సీను. నీ మూడో పేజీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగి ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ పిల్లల సంగతి. ఇండోనేషియాలో ఇలాంటి ఆశ్రమాన్ని పాంతి అసుహాన్ అంటారు. అక్కడి సామాజిక వ్యవహారాల శాఖ, సేవ్ ది చిల్డ్రన్, యూనిసెఫ్ కలిసి చేసిన అధ్యయనం ఈ ఎపిసోడ్‌కి నాలుగేళ్ల ముందే, 2007లో అచ్చయింది. పాంతి అసుహాన్‌లలో ఉన్న పిల్లల్లో 90 శాతానికి పైగా తల్లో తండ్రో బతికి ఉన్నవాళ్లే. సగం మందికి పైగా ఇద్దరూ ఉన్నారు. చదువు చెప్పించే స్తోమత లేక ఇంట్లోవాళ్లు పంపారు. ఆశ్రమాలకు సాయం వచ్చేది పిల్లల తలలు లెక్కపెట్టి. అంచేత పిల్లల్ని ఇంటికి పంపే ఆశ్రమం నష్టపోతుంది, పోగుచేసే ఆశ్రమం బతుకుతుంది. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపల ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది, అక్కడా నాలుగింట మూడొంతుల మంది పిల్లలకు తల్లో తండ్రో ఉన్నారు. పర్యాటకుల జాలి ఈ లెక్కలో ఎటు తూగుతుందో నువ్వే చెప్పు. ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం నేపథ్యంలో ‘ఆశ్రమాల కోసం పిల్లల రవాణా’ అన్న మాట పార్లమెంటు దాకా వెళ్లింది. నీ వ్యాసంలో ‘అనాథ’ అన్న మాట పేజీకి నాలుగుసార్లుంది. వాళ్లు అనాథలని నీకెవరు చెప్పారు? టీవీలో వ్యాఖ్యాత చెప్పాడు, అంతే.

సంతకం గురించి ఒక్క ముక్కా రాయలేదు. తెరమీద ముఖం కనిపించే ప్రతివాడి దగ్గరా రిలీజ్ ఫారం తీసుకుంటారు. మైనరైతే సంరక్షకుడు పెట్టాలి. ఆశ్రమంలో సంరక్షకుడంటే మేనేజరు. డబ్బు పుచ్చుకునేదీ, పిల్లవాడి ముఖానికి అనుమతిచ్చేదీ ఒకే చెయ్యి. ఇంతకంటే పదునైన విషయం ఈ మొత్తం వ్యవహారంలో లేదు, నువ్వు దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోయావు. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి ఈ తెలివిని ముందే పట్టుకుంది: 18 ఏళ్ల లోపు వాళ్ల క్షేమం, గౌరవం విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందే, తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకున్నా సరే అంటుంది.

చివర్లో ‘ఈ రేసు మళ్లీ మన హైదరాబాద్ వస్తే ఇక్కడి ఆశ్రమాలకూ ఇలాగే ఇవ్వాలి’ అని కోరావు. 32వ సీజన్‌లో వచ్చింది నిజమే, 2020లో ప్రసారమైంది. కానీ నువ్వు కోరినట్టు ఇస్తే ఏమవుతుందో చూడు. విదేశీయుడు మన సంస్థకి ఇచ్చే విరాళం, రూపాయల్లో ఇచ్చినా, విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కిందకి వస్తుంది. ఆ సంస్థకి రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట పడాల్సింది న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి స్టేట్ బ్యాంకులోని ఖాతాలోనే. చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి వార్డెన్ చేతిలో నోట్లు పెట్టే సీను ఇక్కడ కుదరదు. ఆపైన జువెనైల్ జస్టిస్ చట్టం, 2015, సెక్షన్ 74: సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, బడి, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదీ మీడియాలో రాకూడదు. మీరితే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నువ్వు ముచ్చటపడ్డ ఆ నవ్వు మన దగ్గర చూపించడమే నేరం. మన యూట్యూబు దాతలు రోజూ చూపిస్తున్నారంటావా, చూపిస్తున్నారు. అదీ రాయి.

బడి గోడ కట్టే టాస్కుని ‘కనీసం ఇది శ్రమదానం’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఒక మేస్త్రీని అడిగి ఉండాల్సింది. ఇటుక ముందు నీళ్లలో నానాలి, లేకపోతే సిమెంటు మాల్‌లో తడంతా అదే పీల్చేస్తుంది, అతుకు నిలవదు. కలిపిన మాల్ అరగంట, ముప్పావుగంటలో వాడెయ్యాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి కలిపితే బలం ఉండదు. కట్టాక కనీసం వారం రోజులు తడపాలి. రంగు మరీ కష్టం: కొత్త ప్లాస్టరింగ్ నెల దాకా ఆరనిచ్చి, ప్రైమరు కొట్టి, ఆపైన రెండు కోట్లు వెయ్యాలి. పచ్చిగోడ మీద గంటలో వేసిన నీలం రంగు తొలి వానాకాలానికే పొక్కులు లేస్తుంది. రేసుకి ఉన్నది మధ్యాహ్నం ఒక్క పూట. జట్లు వెళ్లిపోయాక ఆ వరసలు కూల్చి తూకం గుండు వేలాడదీసి మళ్లీ కట్టేవాడు ఒకడుంటాడు. వాడి కూలీ ఎవరి పద్దులో రాశారు? నీ వ్యాసానికి కథానాయకుడు వాడే కావచ్చు. చేతిపంపు టాస్కయితే ఇంకా అడుగు: చుట్టూ గచ్చు వేశారా, నీళ్లు పోయే కాలవ తీశారా, లోపలి లెదర్ వాషర్ అరిగితే మార్చే మనిషి ఆ ఊళ్లో ఉన్నాడా అని.

ఆదివారం అనుబంధాల వాళ్లకి ఇదంతా నచ్చదు. ‘కాస్త పాజిటివ్‌గా ముగించండి’ అంటారు. ఒప్పుకోకపోతే చివరి పేరా వాళ్లే కోసేసి ‘పరిమళించిన మానవత్వం’ అని హెడ్డింగు తగిలిస్తారు. నాయకుడి పుట్టినరోజున ఆసుపత్రి మంచం పక్కన ఎనిమిది మంది ఒకే బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని నిలబడే ఫొటో ఉంటుందే, ఎనిమిది పేర్లూ అచ్చవుతాయి, రోగి పేరు ఉండదు. ఆ క్యాప్షను రాసే చేతులే నీ వ్యాసమూ దిద్దుతాయి. ఇప్పుడు ‘స్ఫూర్తి కథనం’ ఫ్యాషను కూడా తోడైంది. దాని అసలు రూపం చూడాలంటే 2021 సెప్టెంబరు తిరగెయ్యి. ఈ రేసుని ప్రసారం చేసే చానల్ సీబీఎస్సే ‘ది యాక్టివిస్ట్’ అని ఒక షో ప్రకటించింది: ఉద్యమకారులు తమ తమ ఆశయాలతో పోటీపడాలి, ఎవరు గెలుస్తున్నారో ఆన్‌లైన్ స్పందన కూడా తేలుస్తుంది. జనం దుమ్మెత్తిపోశారు, వారం తిరక్కుండా పోటీ తీసేసి డాక్యుమెంటరీగా మారుస్తామన్నారు.

క్షమాపణలు ఎవరికి వెళతాయో కూడా గమనించు. 2013లో 22వ సీజన్ హనోయ్‌లో, 1972 డిసెంబరు అమెరికా బాంబుదాడుల్లో కూలిన బీ-52 బాంబర్ విమానం శకలాల దగ్గర క్లూ పెట్టారు. అమెరికాలో మాజీ సైనికులు మండిపడ్డారు, మరుసటి వారం ఎపిసోడ్ మొదట్లోనే సీబీఎస్ క్షమాపణ చెప్పింది: మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు, నొచ్చుకున్న ప్రేక్షకులకు. ఆ బాంబుల కింద పోయిన హనోయ్ వాళ్ల ఊసు అందులో లేదు. ఫిర్యాదు చెయ్యగలిగిన ప్రేక్షకుడున్న వైపే చానల్ వంగుతుంది. పాంతి అసుహాన్ పిల్లకి ఆ ఎపిసోడ్ చూసే వీలైనా ఉందో లేదో.

ఈ రేసులో దానం లాంటిది ఎక్కడా లేదా అని అడుగుతావు. ఒకచోట ఉంది, అది టాస్కు కాదు. 7వ సీజన్, 2005. చివర్న వచ్చి బతికిపోయిన జట్టు దగ్గర డబ్బూ సామానూ లాగేసుకునే శిక్ష ఉండేది అప్పుడు. పేద దేశాల్లో అమెరికన్లు, వెనక కెమెరామన్, సౌండ్ మనిషితో సహా, జనాన్ని చెయ్యి చాపి అడిగేవాళ్లు. దాని మీద వేరే వ్యాసమే రాయొచ్చు. ఆ సీజన్ ఆఖరి ఘట్టంలో ఉచెన్నా, జాయిస్ దంపతులు ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫినిష్ లైను దాకా వచ్చేశారు. ట్యాక్సీ డ్రైవరుకి ఇవ్వాల్సిన డబ్బు పూర్తిగా లేదు. గీత అవతల 10 లక్షల డాలర్లు, వెనకే ఇంకో జట్టు. వాళ్లు డ్రైవరు బాకీ తీర్చడానికి దారినపోయే వాళ్లని అడుక్కుని, అతనికి కట్టి, అప్పుడు పరిగెత్తారు, గెలిచారు. ఎదురుగా ఉన్నది కష్టం చేసి కూలీ అడుగుతున్న మనిషి, గడియారం నడుస్తూనే ఉంది. నీ ఇండోనేషియా ఘట్టం పక్కన దీన్ని పెట్టి చూడు. నీకు రెండో భాగం దొరుకుతుంది.

తిరిగి రాసే ముందు ఆ ఎపిసోడ్ స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడు. కెమెరా పిల్లల మీద ఎన్ని సెకన్లుంది, జట్ల మీద ఎన్ని సెకన్లుంది, ఏ పిల్లయినా ఒక్క పూర్తి వాక్యం మాట్లాడిందా, ఎవరి పేరైనా తెరమీద పడిందా రాసుకో. ఆ అంకెలే మొదటి పేరా. ‘కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు’ అన్న ఎత్తుగడ కొట్టెయ్. ఇక్కడ సమస్య ఎడమచెయ్యి కాదు, పక్కనున్న బూమ్ మైకు.

కలంపేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించీ అడిగావు. రెండో రాత వచ్చాక చూద్దాం. అన్నట్టు 19వ సీజన్ 2012 అని రాశావు, అది 2011. రేసు వ్యాఖ్యాత కీఘన్ పేరు కూడా రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది, సరిచేసి పంపు.

ఆశీస్సులతో.