స్కూలు మూసేసిన రోజుల్లో పిల్లలు చదువుతూ ఉండాలంటే లైబ్రరీ ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: స్కూల్ లైబ్రరీ బాధ్యత మీది. సెలవులొచ్చినా, ఇంకే కారణంతో స్కూలు మూతపడినా పిల్లలు పుస్తకాల జోలికి పోవడం లేదు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌లు పెడుతుంటే తెరిచి చూసే దిక్కు లేదు. ఏం చేయాలి?

నేనూ పాఠాలు చెబుతూనే చాలా ఏళ్లుగా మా స్కూల్ లైబ్రరీ చూసుకుంటున్నాను. నాకు తెలిసిన జవాబు సూటిగా చెప్పేస్తాను. మూసే ముందే బీరువా ఖాళీ చేయండి. పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లిపోవాలి. పీడీఎఫ్‌లు, యాప్‌లు, పోటీలు అన్నీ ఆ తర్వాతి మాట.

చెప్పినంత తేలిక కాదని తెలుసు. చాలా స్కూళ్లలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. పరీక్షలు దగ్గరపడగానే పుస్తకాలు ఇవ్వడం ఆపేస్తారు. ఇచ్చినవన్నీ వెనక్కి తెప్పిస్తారు. స్టాక్ వెరిఫికేషన్ చేసి, యాక్సెషన్ నంబర్లన్నీ (ఒక్కో పుస్తకానికి లైబ్రరీ ఇచ్చే వరస నంబర్లు) సరిపోయాయని రిజిస్టర్లో రాసి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో అప్పగిస్తారు. పిల్లలకు తీరిక దొరికేది ఆ రోజుల్లోనే, పుస్తకాలు తాళంలో ఉండేదీ ఆ రోజుల్లోనే. ఇందులో ఎవరి బద్ధకమూ లేదు. పుస్తకం పోతే రేపు ఆడిట్‌లో నిలబెట్టి అడిగేది లైబ్రరీ చూసేవాళ్లనే. అసలు భయం అక్కడుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో హార్వర్డ్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన జాన్ లాంగ్డన్ సిబ్లీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆయన హుషారుగా ఎక్కడికో నడిచిపోతుంటే ఎవరో ఆపి సంగతేమిటని అడిగారట. పుస్తకాలన్నీ లైబ్రరీకి చేరిపోయాయి, రెండే బయట ఉన్నాయి, అవి ప్రొఫెసర్ అగాసీ దగ్గరున్నాయి, తెచ్చుకోవడానికే వెళ్తున్నా అన్నాడట. మనందరిలోనూ కాస్తో కూస్తో సిబ్లీ ఉన్నాడు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు చెప్పినప్పుడు, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నదాన్ని మొట్టమొదట పెట్టారు. మనం ఎప్పుడూ మర్చిపోయేది దాన్నే కాబట్టి అది ముందు ఉండడమే న్యాయం.

అందుకే మొదటి పని పిల్లలతో కాదు, హెడ్‌మాస్టర్‌తో. సెలవుల్లో ఇచ్చిన పుస్తకాల్లో ఫలానా శాతం దాకా పోయినా, చిరిగినా రైట్ ఆఫ్ చేస్తామని, అంటే లెక్కల్లోంచి కొట్టేస్తామని, తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేయబోమని ఒక కాగితం రాసి ముందే సంతకం తీసుకోండి. నోటిమాట పనికిరాదు, మనుషులు మారిపోతారు. ఆ కాగితం చేతిలో ఉంటే మీరు వేరే మనిషిలా పుస్తకాలు ఇస్తారు, నా అనుభవం అది. పోవడం అంటారా, ప్రతిసారీ కొన్ని పోతాయి. కొన్నిటికి అట్టలు ఊడతాయి. ఒకటి నీళ్లలో తడిసి ఉబ్బిపోయి వచ్చింది. బీరువాలో చెదలు తిన్నవాటితో పోలిస్తే ఇదేమంత లెక్కలోకి రాదు.

డబ్బు వసూలు చేయం అన్న మాట తల్లిదండ్రులకు కూడా చేరాలి, లేకపోతే ఫలితం ఉండదు. ఒకసారి మా మూడో తరగతి పాప తీసుకెళ్లిన పుస్తకం సెలవులయ్యాక తళతళలాడుతూ తిరిగొచ్చింది. మూల మడవలేదు, మరక లేదు. బాగుందా అని అడిగితే, "చదవలేదు టీచర్, చిరిగితే డబ్బులు కట్టాలని నాయనమ్మ అటక మీద పెట్టేసింది" అంది. అప్పటినుంచి కొత్తదానిలా తిరిగొచ్చిన పుస్తకం చూస్తే నాకు అనుమానమే. ఇప్పుడు పుస్తకం ఇచ్చేటప్పుడే లోపల ఒక చీటీ పెడుతున్నాను: చిరిగినా ఏమీ అనం, ఇంట్లో ఎవరైనా చదవచ్చు. అంతే రాస్తాను. ఇంట్లో చదవడం రానివాళ్లు ఉంటే అదే మాట ఫోన్‌లో చెబుతాను.

ఇక ఏ పుస్తకాలు ఇవ్వాలి? ఇక్కడ చాలామంది టీచర్లకూ నాకూ పడదు. స్థాయికి తగినవి, నీతి ఉన్నవి, పాఠానికి పనికొచ్చేవి ఏరి కట్ట కట్టి ఇద్దామంటారు. వద్దు. ఎంచుకోవాల్సింది పిల్లలే. ఇది నా మొండితనం మాత్రమే కాదు. సెలవుల్లో పిల్లలు ఎన్ని పుస్తకాలు చదివారన్నదానికీ చదువులో వాళ్ల ఎదుగుదలకూ సంబంధం ఉందని బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని అట్లాంటా పిల్లల మీద చేసిన అధ్యయనంలో 1978లోనే చూపించారు. ఆ తర్వాత అమెరికా పరిశోధకులు రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ ఫ్లోరిడాలో పేద పిల్లలు ఎక్కువగా ఉన్న 17 స్కూళ్లు తీసుకుని, వరుసగా మూడు వేసవులు ఒక్కొక్కరికి 12 పుస్తకాల చొప్పున ఇచ్చి చూశారు. పాఠాలు లేవు, సెలవు క్లాసులు లేవు. పిల్లలు తమకు నచ్చినవి తామే ఏరుకున్నారు, పాప్ గాయకుల మీద వచ్చిన పుస్తకాలతో సహా. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పుస్తకాలు అందినవాళ్లు అందనివాళ్ల కంటే చదవడంలో ముందున్నారు. మరీ పేద పిల్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ.

మా దగ్గర ఏడో తరగతి కుర్రాడొకడు సెలవుల ముందు క్రేన్లు, బుల్‌డోజర్ల బొమ్మల పుస్తకం తీసుకున్నాడు. పేజీకి రెండు లైన్లు ఉంటాయేమో. వెనక నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. నేను మాట్లాడకుండా నంబర్ రాసుకుని ఇచ్చేశాను. తిరిగొచ్చినప్పుడు దాని మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఒక పేజీలో అచ్చు బొమ్మ పక్కనే పెన్సిల్‌తో ఇంకో క్రేన్, కొక్కెంతో సహా. రెండో తరగతి చదివే వాడి చెల్లెలికి ఆ యంత్రాల పేర్లన్నీ కంఠతా వచ్చేశాయట. పెన్సిల్ బొమ్మ చెరపలేదు, అలాగే అరలో పెట్టాను. ఆ తర్వాత ఆ పుస్తకానికి గిరాకీ పెరిగింది.

ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల కోసం కూడా ఒకటి తీసుకోమనండి. ఒక వీధిలో నలుగురైదుగురు పిల్లలుంటే వాళ్లలో వాళ్లే మార్చుకుంటారు, మీ ఇష్యూ రిజిస్టర్‌తో నిమిత్తం లేకుండా. మార్చుకోనివ్వండి. ఒకరి పేరు మీద రాసిన పుస్తకం ఇంకొకరి సంచిలోంచి తిరిగొస్తే అది మీ రిజిస్టర్ తప్పు కాదు, మీ లైబ్రరీ పనిచేస్తోందని అర్థం. పెద్ద తరగతి పిల్లల్లో ఒకరికి చిన్న నోట్‌బుక్ ఇచ్చి, ఎవరి దగ్గర ఏముందో రాయమంటే సంతోషంగా రాస్తారు. సగం రోజులు రాయడం మర్చిపోతారనుకోండి, పర్వాలేదు.

ఇదంతా ముందే తెలిసి మూసేటప్పుడు. చెప్పాపెట్టకుండా మూతపడితే? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే జరిగింది. ఆ ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగిపోయిందని యునెస్కో లెక్కగట్టింది. వాళ్లలో మా పిల్లలూ ఉన్నారు. బయటికి రానిచ్చే పరిస్థితి వచ్చాక మేం చేసింది గేటు దగ్గర పుస్తకాలివ్వడం. కానీ లోపలికి రానివ్వకుండా పిల్లలు ఎంచుకునేదెలా? అరల ఫొటోలు తీసి గ్రూపులో పెడదామనుకుంటే, పిల్లల పుస్తకాలు చాలావరకు మధ్యలో పిన్ను కొట్టిన పలచటివి, వాటికి వెన్ను మీద పేరే ఉండదు. అందుకని బల్ల మీద పదేసి పుస్తకాలు పరిచి, ఒక్కోదాని మీద నంబర్ చీటీ పెట్టి, అట్టలు కనిపించేలా ఫొటో తీసేవాళ్లం. లోపలి పేజీ ఒకటి కూడా పక్కన పెట్టడం తర్వాత మొదలుపెట్టాం. అక్షరం ఎంత సైజుందో, పేజీలో ఎంత రాత ఉందో చూశాకే పిల్లలు తేల్చుకుంటారు. పెద్దవాళ్లం అట్ట చూస్తాం, చదవడానికి ఇబ్బందిపడే పిల్లలు మాత్రం ముందు లోపలి పేజీ చూస్తారు. పిల్లలు నంబర్ చెబితే పేరు రాసిన కవర్లో పెట్టి, చెప్పిన టైముకి గేటు దగ్గర ఉంచేవాళ్లం.

తిరిగొచ్చినవి కొన్నాళ్లు విడిగా ఉంచి తర్వాత ఇచ్చేవాళ్లం. వస్తువుల మీద నుంచి కోవిడ్ సోకే అవకాశం చాలా తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పాక ఆ టెన్షన్ తగ్గింది.

పీడీఎఫ్‌ల సంగతికి వద్దాం. మీ పిల్లలు వాటిని తెరవకపోవడంలో వింతేమీ లేదు. ఇంట్లో ఒకటే ఫోన్, అది పొద్దున నాన్నతో పనికి వెళ్లిపోతుంది. రాత్రి తిరిగొచ్చేసరికి చార్జింగ్ ఉండదు, అక్కకు క్లాసు వర్కు ఉంటుంది. కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు ఆ రోజుల్లో దూరవిద్య ఏ రూపంలోనూ అందలేదని 2020 ఆగస్టులో యూనిసెఫ్ అంచనా వేసింది. ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా ఆరంగుళాల తెర మీద రెండు కాలమ్‌ల పేజీని అటూ ఇటూ జరుపుతూ చదవడం పెద్దవాళ్లకే విసుగు.

పైగా కొన్న పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెట్టడం కాపీరైట్ ఉల్లంఘన, అందులో మంచి ఉద్దేశం ఉన్నా సరే. పెద్ద సంస్థలే ఇందులో దెబ్బతిన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా డిజిటల్ లైబ్రరీ 2020 మార్చిలో స్కాన్ చేసిన పుస్తకాలను వెయిటింగ్ లిస్టు లేకుండా అందరికీ అరువివ్వడం మొదలుపెట్టింది. జూన్‌లో నలుగురు పెద్ద ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు, ఆ నెలలోనే ఆ ఏర్పాటు ఆగిపోయింది. 2023లో తీర్పు ప్రచురణకర్తల వైపే వచ్చింది, 2024లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. మీకు ఈ తలనొప్పి అక్కర్లేదు. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగుతో సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలున్నాయి. అవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీయవచ్చు, ధైర్యంగా పంచుకోవచ్చు. నేనైతే వాటి లింకులు పంపడం కంటే చిన్నవి కొన్ని ప్రింట్ తీసి, పిన్ను కొట్టి, కవర్లో వేసేదాన్ని.

ఫోన్‌ను నేను బాగా వాడింది గొంతు కోసం. నిడివి తక్కువున్న వాయిస్ నోట్, అదీ రాత్రి ఫోన్ ఇంట్లో ఉండే వేళకు. కథ మొత్తం చదివి పంపను. మొదటి రెండు పేజీలు చదివి, ఆసక్తి రేగే చోట ఆపేసి, మిగతాది ఫలానా పుస్తకంలో ఉంది, నంబర్ ఇదీ అని చెబుతాను. మర్నాడు ఆ పుస్తకం కోసం కొట్లాట. కొంతకాలానికి పిల్లలే చదివి పంపడం మొదలుపెట్టారు. వెనకాల కుక్కర్ విజిల్, ఎవరో తిట్టడం, అన్నీ వినిపిస్తాయి. తడబడితే మళ్లీ మొదటినుంచి చదువుతారు. అలా మళ్లీ మళ్లీ చదవమని క్లాసులో చెబితే ఒక్కరూ చదివేవాళ్లు కాదు.

ఇంకొకటి, నాకైతే పుస్తకాలివ్వడం తర్వాత ఇదే ముఖ్యం. ఫోన్ చేసినప్పుడు ఏమడుగుతారన్నది. "చదివావా?" అంటే "చదివాను టీచర్" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "ఎన్ని పేజీలయ్యాయి?" అంటే లెక్క చెబుతారు. "ఎక్కడ ఆపావు?" అని అడిగి చూడండి. ఆపడం తప్పు కాదని ఆ ప్రశ్నలోనే ఉంది. "కుక్క తప్పిపోయింది టీచర్, అక్కడ ఆపా" అంటాడు. ఎందుకాపావంటే అమ్మ పిలిచిందనో, భయమేసిందనో, ఏమీ అర్థం కాలేదనో చెబుతాడు. అర్థం కాలేదన్నవాడికి ఇంకో పుస్తకం ఇస్తాం. మధ్యలో ఆపినవాడిని కుక్క దొరుకుతుందంటావా అని అడిగితే మిగతాది ఆ రాత్రే చదివేస్తాడు. వారానికోసారి, రెండు నిమిషాలు చాలు. అందరికీ మీరొక్కరే చేయలేరు కాబట్టి క్లాస్ టీచర్లతో పంచుకోండి. అసలు చదవని పిల్లలను మాత్రం మీ వంతుకే ఉంచుకోండి.

ఎవరెక్కువ పుస్తకాలు చదివితే వాళ్లకు బహుమతి అనే పోటీలు నాకు నచ్చవు. ఎలాగూ చదివేవాళ్లే గెలుస్తారు, మిగతావాళ్లు అట్ట మీది పేర్లు చూసి జాబితా రాసిస్తారు. ప్రతి పుస్తకానికీ సారాంశం రాసుకురమ్మనడం అంతకంటే దారుణం, కథ హోంవర్క్ అయిపోతుంది. హెడ్‌మాస్టర్‌కు చూపించడానికి రిపోర్టు కావాలంటే ఇష్యూ రిజిస్టర్ ఉండనే ఉంది, ఏ పుస్తకం ఎన్నిసార్లు చేతులు మారిందో అందులోంచి తీసి ఇవ్వండి.

మీ ప్రశ్నను బట్టి చూస్తే సెలవులకు ఇంకా కాస్త టైముంది అనిపిస్తోంది. అలాగైతే ముందు ఆ రైట్ ఆఫ్ కాగితం సంగతి చూడండి, ఏ ఫోన్ ఏ వేళకు ఇంట్లో ఉంటుందో పిల్లల దగ్గర రాయించుకోండి. పుస్తకాలివ్వడం ఆఖరి రోజుకు పెట్టుకోకండి. ఆ రోజు పిల్లల మనసు గేటు మీదే ఉంటుంది, చేతికందింది పట్టుకుని పోతారు. మూడు నాలుగు రోజుల ముందు ఒక్కో తరగతికి ఒక్కో పీరియడ్ ఇస్తే నిలబడి, తిరగేసి, ఒకటి పెట్టేసి ఇంకోటి తీసుకునే తీరిక ఉంటుంది.