నేపాల్‌లో ఉన్న మన సేవకుల్ని చూడ్డానికి వెళ్తుంటే

వందనాలు బ్రదర్. మీ గుంటూరు సంఘం సువార్త సేవకి పంపిన దంపతుల్ని ఆదరించి రావడానికి నలుగురు నేపాల్ వెళ్తున్నాం, వీసా కావాలా, అక్కడ సువార్త మీటింగులు పెట్టొచ్చా అని అడిగారు కదా.

మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ దగ్గరుంచుకోండి, ఆధార్‌ని నమ్ముకుని బయల్దేరొద్దు. విజయవాడలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి బస్సులో సోనౌలి సరిహద్దు. చేతిఖర్చుకి వంద రూపాయల నోట్లు ఎక్కువగా పెట్టుకోండి.

మీటింగులు మాత్రం వద్దండీ. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణం మతం మార్చడాన్ని నిషేధించింది, శిక్షాస్మృతిలో 5 ఏళ్ల దాకా జైలు ఉంది. మీరు కరపత్రాలు పంచేసి రైలెక్కేస్తారు, తర్వాత పోలీసులకి జవాబు చెప్పుకునేది అక్కడుండే ఆ దంపతులు. ఫొటోలు కూడా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి (మనవాళ్లకి ఇదే కష్టం!). అక్కడ ఆరాధన శనివారం, టికెట్లు అది చూసుకుని తీయండి.

మేం అక్కడి మన సేవకుల ఇంటికి వెళ్లినప్పుడు ప్రసంగాలు రాసుకుని మరీ వెళ్లాం. ఒక్కటీ చెప్పలేదు. ఆ ఇంటి చెల్లెమ్మ మేమిచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి, వాసన చూసి, సీసా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత రెండు గంటలు తెలుగులో మాట్లాడుతూనే ఉంది, మేం విన్నాం, అంతే. కాబట్టి పచ్చడి, కందిపొడి, పిల్లలకి తెలుగు వాచకాలు పట్టుకెళ్లండి. బస మాత్రం లాడ్జిలో చూసుకోండి, లేకపోతే మీ నలుగురికీ వండి వార్చడంతోనే ఆ ఇంటావిడకి సరిపోతుంది.