పాత కెమెరాకు డిజిటల్ సెన్సర్ అమర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు పెళ్లి ఫొటోలు తీసిన పెంటాక్స్ కె1000 కెమెరా, 50 ఎం.ఎం. లెన్సుతో సహా ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. అయితే రీలు ధర, డెవలపింగ్ ఖర్చు కలుపుకుంటే తరచుగా వాడడం నా వల్ల కావడం లేదు. వెనుక తలుపు కోసి, పాడైన డిజిటల్ కెమెరాలోని సెన్సర్‌ను లోపల బిగిస్తానని ఒక మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దయచేసి ఆ తలుపు కోయించవద్దు. 1976 నుంచి 1997 వరకు తయారైన ఈ కెమెరాలో షట్టర్ పూర్తిగా స్ప్రింగులతో, పళ్లచక్రాలతో నడుస్తుంది. బ్యాటరీ కేవలం వెలుతురు కొలిచే మీటరుకే. ఇలాంటి యంత్రం పనిచేసే స్థితిలో ఉండగా దాన్ని పాడుచేసుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పైగా ఆ పని వల్ల మీరు కోరుకుంటున్న ఫలితం కూడా రాదు.

చిక్కంతా జాగాలోనే ఉంది. రీలు లేనప్పుడు వెనుక తలుపు తెరిచి చూడండి. మధ్యలో 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల కిటికీ, దానికి పైనా కిందా నున్నగా మెరిసే సన్నని పట్టాలు, లోపల నల్లని గుడ్డ తెర కనిపిస్తాయి. ఫిల్ము ఆ పట్టాలకు ఆనుకొని, తలుపుకున్న స్ప్రింగు పలక ఒత్తిడికి చదునుగా నిలుస్తుంది. లెన్సు నుంచి వచ్చే బొమ్మ సరిగ్గా ఆ తలం మీద పడాలి. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/2 దగ్గర, అంటే బాగా తెరిచి ఉన్నప్పుడు మిల్లీమీటరులో పదో వంతు జరిగినా బొమ్మ మసకబారుతుంది. సెన్సర్‌లో వెలుగును పట్టే సిలికాన్ బయటికి తేలి ఉండదు, దాని ముందు రక్షణ గాజు, పరారుణ కిరణాలను ఆపే ఫిల్టర్ ఉంటాయి. సిలికాన్‌ను ఫిల్ము ఉండే చోటికి తేవాలంటే ఆ గాజు కిటికీలోకి చొచ్చుకుపోయి షట్టర్ తెరకు అడ్డుపడుతుంది. అడ్డుపడకుండా వెనక్కి జరిపితే ఫోకస్ తప్పుతుంది. ఫిల్ము ఫ్రేమంత ఉండే పూర్తి ఫ్రేము సెన్సరైతే దాని చుట్టూ ఉండే చట్రమే ఆ కిటికీ కంటే పెద్దది కాబట్టి అసలు అందులో పట్టదు.

ఒకవేళ ఎలాగో పట్టించినా, షట్టర్ ఎప్పుడు తెరుచుకుంటుందో సెన్సర్‌కు ముందుగా తెలియాలి. ఫ్లాష్ కోసం ఉన్న కనెక్షన్ నుంచి ఆ సంకేతం తీసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. కానీ మొదటి తెర పూర్తిగా పక్కకు జరిగిన తరువాతే ఆ సంకేతం వస్తుంది, అప్పటికే ఫ్రేములో ఒక వైపు వెలుగు పడడం మొదలై ఉంటుంది. ఇక డిజిటల్ కెమెరా నుంచి తీసిన సర్క్యూట్ బోర్డు తన సొంత షట్టర్, తన సొంత లెన్సు కనబడకపోతే లోపం ఉందని చూపించి ఆగిపోవడం మామూలే.

పెద్ద సంస్థలు కూడా ఈ చిక్కులతో తలపడ్డాయి. 1991లో కోడాక్ నికాన్ ఎఫ్3 శరీరానికి 1.3 మెగాపిక్సెళ్ల సెన్సర్ బిగించి అమ్మింది; బొమ్మలు భద్రపరిచే పెట్టెను మాత్రం ఫొటోగ్రాఫరు విడిగా భుజాన వేసుకోవలసి వచ్చేది. రీలు పెట్టే చోటే ఇముడుతుందంటూ 1998లో ప్రకటించిన మరో పరికరం అమ్మకానికి రాకుండానే 2001లో దాని సంస్థ పని ఆపేసింది. తన ఆర్8, ఆర్9 ఫిల్ము కెమెరాల వెనుక తలుపు తీసి బిగించే 10 మెగాపిక్సెళ్ల మాడ్యూలును 2005లో విడుదల చేసి లైకా నెగ్గింది. అయితే దాన్ని ఆ రెండు కెమెరాల కోసమే ప్రత్యేకంగా రూపొందించారు. ఇటీవల స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ‘ఐయామ్ బ్యాక్ ఫిల్మ్’ పరికరానికి కెమెరాను కోయనక్కరలేదు, అది మెచ్చుకోదగిన సంగతి. కానీ అందులోని సెన్సర్ ఫిల్ము ఫ్రేములో నాలుగో వంతు మాత్రమే, కాబట్టి మీ 50 ఎం.ఎం. లెన్సు 100 ఎం.ఎం. లెన్సులా ప్రవర్తిస్తుంది. పెళ్లిపందిరిలో నలుగురిని ఫ్రేములోకి తేవాలంటే మీరు చాలా వెనక్కి నడవాలి, పైగా వ్యూఫైండర్‌లో కనిపించేదంతా ఫొటోలోకి రాదు.

నా సలహా ఏమిటంటే, డిజిటల్‌లోకి తేవలసింది కెమెరాను కాదు, లెన్సును. మీ నాన్నగారి ఫొటోలకు ఆ రూపు ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం లెన్సుదే. పెంటాక్స్ కె మౌంటుకు (లెన్సు బిగించే చోటుకు) ఫిల్ము నుంచి 45.46 మిల్లీమీటర్ల దూరం కావాలి, లోపల అద్దం లేని సోనీ ఇ మౌంటు మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన జాగాలో లోపల గాజు ఏదీ లేని ఉత్త లోహపు అడాప్టర్ ఇమిడిపోతుంది. పూర్తి ఫ్రేము గల సెకండ్‌హ్యాండ్ కెమెరా తీసుకుంటే లెన్సు చూపు అప్పట్లో ఎంత వెడల్పో ఇప్పుడూ అంతే ఉంటుంది. మెనూలో లెన్సు లేకుండానే షట్టర్ పనిచేసే ఏర్పాటును ఆన్ చేయాలి. కెమెరా శరీరంలోనే చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ 50 అని నమోదు చేయాలి. ఫోకస్, ఎపర్చర్ రెండూ లెన్సు రింగులతోనే, మీ నాన్నగారు తిప్పినట్టే తిప్పాలి. పెంటాక్స్ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. దొరికితే అడాప్టర్ కూడా అక్కరలేదు.

కె1000ను ఏడాదికి ఒకటో రెండో రీళ్లకు ఉంచుకోండి. దాని మీటరుకు స్విచ్ లేదు కాబట్టి, వాడనప్పుడు లెన్సు మూత పెట్టకపోతే బ్యాటరీ అయిపోతుంది.

ప్రశ్న: మా స్టూడియోలో హాసెల్‌బ్లాడ్ 500 సి/ఎం ఫిల్ము కెమెరా ఉంది. దీనికీ ఇదే సమాధానమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదు. మీ కెమెరాలో ఫిల్ము మ్యాగజైను (రీలు ఉండే పెట్టె) మొదటి నుంచీ విడిగా ఊడివచ్చేదే కాబట్టి, ఆ చోట డిజిటల్ బ్యాక్ (సెన్సర్ ఉన్న పెట్టె) తగిలించవచ్చు. కెమెరాను ఎక్కడా తాకనక్కరలేదు. హాసెల్‌బ్లాడ్ స్వయంగా ఇలాంటి బ్యాకులు తయారు చేసింది. 2024లో వచ్చిన సి.ఎఫ్.వి. 100సి 100 మెగాపిక్సెళ్లది. సెన్సర్ 43.8 × 32.9 మిల్లీమీటర్లు, మీ ఫిల్ము ఫ్రేము సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. అందువల్ల బొమ్మ అంచులు కొంత తెగుతాయి, వ్యూఫైండర్ గాజు మీద సెన్సర్ హద్దులు గీసుకోవాలి. ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి కొనే ముందు లెన్సులోని షట్టర్ వేగాలను మంచి మెకానిక్ చేత సరిచూపించుకోండి. చాలాకాలం పక్కన పెట్టిన లెన్సుల్లో నూనె గట్టిపడి ముఖ్యంగా నెమ్మది వేగాలు తప్పుతుంటాయి.