తలుపు వెనక అత్తయ్య: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

"చి.ల.సౌ." అని రాయబోయి కలం ఆపాను. నీకు పెళ్లయిందో లేదో నాకు తెలియదు. తెలిసినా ఆ అక్షరాలు రాసే అలవాటు ఎప్పుడో మానేశాను. మా నాన్నగారి తరం ఉత్తరాల్లో భర్త ఉన్న ఆడమనిషి "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి", భర్త పోయిన ఆడమనిషి "గంగాభాగీరథీ సమానురాలు". కార్డు మీద మొదటి మాట చూడగానే ఉత్తరం తెచ్చే పోస్ట్‌మ్యాన్‌కు కూడా ఆవిడ బతుకేమిటో తెలిసిపోయేది. ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానో కాసేపట్లో చెబుతాను.

నీ కథ రెండుసార్లు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. గుడి మెట్ల మీద ఎండకు కాలిన రాయి, దాని మీద పిల్లలు ఎగురుతూ నడవడం, అది చూసి రాసిన మాటే. పేచీ తర్వాత మొదలైంది. హైదరాబాద్ నుంచి సెలవుకు వచ్చిన నీ ఇంజనీరు మూడు పేజీలు ఏకధాటిగా మాట్లాడతాడు: నీతికి దేవుడు అక్కర్లేదు, ధర్మశాస్త్రం అక్కర్లేదు, మనిషి బుద్ధి చాలు అని. పూజారి "అపచారం" అని రెండుసార్లు అని, ఉత్తరీయంతో మొహం తుడుచుకుని గర్భగుడిలోకి వెళ్లిపోతాడు. ఆ ఇంజనీరు చెప్పిందానికి నేనూ ఒప్పుకునేవాణ్ణే. అయినా చదువుతున్నంతసేపూ నాకు పూజారి మీద జాలి వేసింది. అవతలివాడి నోరు కట్టేసి గెలిస్తే ఏం గెలుపు?

"దేవుడు మెచ్చాడు కనుక అది మంచిదయిందా, మంచిది కనుక దేవుడు మెచ్చాడా?" అని నీ ఇంజనీరు అడుగుతాడు. గట్టి ప్రశ్న. ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీసు అడిగింది. దాదాపు 2,400 ఏళ్లయినా దాని పదును పోలేదు. కాని సోక్రటీసు దాన్ని ఎవరిని అడిగాడో చూడు. కన్నతండ్రి మీద హత్యానేరం మోపడానికి న్యాయస్థానానికి వచ్చిన యూథిఫ్రోను. ఆ తండ్రి ఒక కూలివాణ్ణి కాళ్లూ చేతులూ కట్టించి గోతిలో పడేయించాడు. వాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. తండ్రిని కోర్టుకు ఈడవడం దైవసమ్మతమని కొడుకు నమ్మకం, పాపమని బంధువుల నమ్మకం. ఆ ప్రశ్న వెనక ఒక శవం ఉంది. నీ ఇంజనీరు ప్రశ్న వెనక ఏముంది? సెలవు ఉంది, తీరిక ఉంది.

నీ పూజారి నిజంగా నోరు విప్పితే ఏమనేవాడో నేను చెబుతాను, విను. "నాయనా, నీ బుద్ధి నీకు లాభం ఉన్నవైపే పరిగెత్తుతుంది. నష్టం వచ్చినా చేసి తీరాలని నా శాస్త్రం చెబుతుంది. ఎవడి బుద్ధి వాడికి ప్రమాణమైతే, బాగా మాట్లాడగలిగినవాడిదే ధర్మం అవుతుంది. మాట రాని మనిషి గతేమిటి?" ఇది చిన్న మాట కాదు. ఆ పూజారి బాగా చదువుకున్నవాడైతే బృహస్పతి పేరుతో ఉన్న శ్లోకం కూడా చదువుతాడు: "కేవలం శాస్త్రమాశ్రిత్య న కర్తవ్యో వినిర్ణయః, యుక్తిహీనే విచారే తు ధర్మహానిః ప్రజాయతే." శాస్త్రాన్ని మాత్రమే పట్టుకుని తీర్పు చెప్పకూడదు, యుక్తి లేని విచారణ వల్ల ధర్మానికే హాని అని అర్థం. "నువ్వు హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన సరుకు మా అటక మీద ఎప్పటినుంచో ఉంది" అని ఆయన నవ్వితే నీ ఇంజనీరు మొహం ఎలా ఉంటుంది? అప్పుడు కదా కథ మొదలయ్యేది.

ఈ తగవు మన దగ్గర ఉత్తుత్తి తగవు కాదు. రాజమండ్రిలో మనుషుల ప్రాణాల మీద జరిగింది. వితంతు వివాహాల కోసం కందుకూరి వీరేశలింగం పంతులు 1879లో సభల్లో మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పటికి కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఈ పోరు నడిపి 1856లో చట్టం తెప్పించి చాలా ఏళ్లయింది. చట్టం వచ్చింది సరే, పెళ్లి చేసుకునేవాళ్లేరీ? యుక్తి ఒక్కటే చెబితే ఈ దేశంలో ఎవరూ వినరు, శాస్త్రం చూపించాల్సిందే అని విద్యాసాగరుడే తన పుస్తకంలో రాసుకున్నాడు. అందుకని పరాశర స్మృతిలోంచి ఒక శ్లోకం బయటికి తీశాడు: "నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ, పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే." భర్త జాడ తెలియకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ అయిదు ఆపదల్లో స్త్రీకి మరో భర్త విహితమే అని.

ఎదుటి పక్షం ఊరుకుంటుందా? "పతి" శబ్దానికి సప్తమీ విభక్తిలో "పత్యౌ" అని ఉండాలి కదా, "పతౌ" ఎలా వచ్చింది అన్నారు. కాబట్టి అది "పతౌ" కాదు, "అపతౌ". ముందున్న ఏకారం తర్వాత ఆ "అ" లోపించింది. అవగ్రహ చిహ్నం పెట్టి "పతితేఽపతౌ" అని చదవాలి. అపతి అంటే ఇంకా భర్త కానివాడు, అంటే నిశ్చితార్థం మాత్రమే అయినవాడు. కనుక ఈ శ్లోకం వితంతువుల సంగతే కాదు. అంతే, తలుపు మూసుకుపోయింది. ఒక లోపించిన అకారం మీద, ఆరేళ్లకూ ఎనిమిదేళ్లకూ తాళి తెగిన పిల్లల నూరేళ్ల బతుకు వేలాడింది. వ్యాకరణం నాకు ప్రాణం, అయినా ఈ ఘట్టం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మాటవరసకు ఆ అకారం నిజంగానే లోపించిందని పాణిని దిగివచ్చి చెప్పాడనుకో. వీరేశలింగం పంతులు ఇంటికెళ్లి పడుకునేవారా? విద్యాసాగరుడు పుస్తకం మూసేసేవాడా? నాకు నమ్మకం లేదు. వాళ్లకు ముందు కనబడింది పిల్ల. శ్లోకం తర్వాత వెతికారు. వాళ్ల కొలువులో శ్లోకం సాక్షి, న్యాయమూర్తి కాదు. అటు పక్షానికి శ్లోకమే న్యాయమూర్తి, పిల్లను సాక్షిగా కూడా పిలవలేదు. మత శాసనానికీ మానవ వివేకానికీ తేడా నేను చూసిన మేరకు ఇక్కడుంది. దేవుణ్ణి నమ్మడంలోనో నమ్మకపోవడంలోనో కాదు.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహం జరిగింది. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సర్దారు. వెలి భయంతో వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. పంతులుగారి ఉపన్యాసాలు అచ్చులో ఉన్నాయి, కావాలంటే చదువుకో. కథ రాయాలంటే మాత్రం నేను ఆ బిందెతో మొదలుపెడతాను. ఎన్ని బిందెలు మోశారో, మెట్ల మీద ఎవరు మొహం తిప్పుకున్నారో, ఆవిడ తిరిగి ఏమన్నారో, అనలేదో. తర్వాత పీఠాధిపతి నుంచి బహిష్కారాలు వచ్చాయి, వెంట నిలిచినవాళ్లలో కొందరు ప్రాయశ్చిత్తాలు చేసుకుని వెనక్కి తగ్గారు. వాళ్లనూ తిట్టకు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లికుంటే, తండ్రి తద్దినానికి భోక్త దొరకకపోతే ఎంత వణుకు పుడుతుందో రాయి.

బుద్ధిని నెత్తిన పెట్టుకునే ముందు ఇంకో మనిషిని తలచుకో. గురజాడ గిరీశం. "కన్యాశుల్కం" 1897లో అచ్చయింది, అంటే రాజమండ్రి పెళ్లికి పదహారేళ్ల తర్వాత. వితంతు వివాహం గురించి గిరీశానికి తెలియని వాదం లేదు, వల్లె వేయని యుక్తి లేదు. అదంతా చిన్న వయసు వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి పనికొచ్చింది. నీ పూజారి భయపడేది సరిగ్గా గిరీశాన్ని చూసే. ఆ భయానికి నీ ఇంజనీరు దగ్గర జవాబుందా?

నా దగ్గర ఉన్న జవాబు పుస్తకంలోది కాదు. మా మేనత్తది. నాన్నకు పెద్దక్క. పదమూడో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి తెల్లచీర, మడి, ఒంటిపూట భోజనం. ఇంట్లో ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే ఎదురు రాకూడదని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పుల చప్పుడు వినబడగానే తలుపు వెనక్కి తప్పుకునేది. బియ్యంలో రాళ్లేరుతూ ఉంటే చాట పట్టుకునే వెళ్లేది. లోపలి గింజలు కదిలి చప్పుడు చేస్తాయని చాటను రెండు చేతులతో బిగబట్టి నిలబడేది. తలుపు సందులోంచి ఆ వేళ్లు కనబడేవి. నాకు అదొక ఆటలా ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఉద్యోగం కోసం కాకినాడలో ఇంటర్వ్యూకు బయలుదేరాడు. మా నాన్న నీ ఇంజనీరు లాంటివాడు కాదు. మూడు పూటలా సంధ్య వార్చేవాడు, ఏకాదశి ఉపవాసం తప్పేవాడు కాదు. అమ్మ చెంబుతో ఎదురొచ్చింది. అరుగు దిగినవాడు ఆగి, వెనక్కి వచ్చాడు. "అక్కయ్యా, ఒకసారి ఇటు రా" అన్నాడు. అత్తయ్య కదల్లేదు. "నీకు మతి పోయిందా? మంచి పని మీద వెళుతూ..." అంది తలుపు వెనకనుంచే. నాన్న అక్కడే నిలబడ్డాడు. బస్సు వేళ దాటుతోందని అమ్మ గొణిగింది. చివరికి అత్తయ్య చాట పట్టుకునే, నేల చూస్తూ వచ్చింది. నాన్న వెళ్లాడు.

ఆ ఉద్యోగం రాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు, లోపల అందరూ అనుకున్నారు. అందరికంటే ఎక్కువగా అత్తయ్య అనుకుంది. వారం రోజులు నాన్నకు ఎదురుపడి అన్నం వడ్డించలేదు. ఒకనాడు నేనే అడిగాను, ఎందుకు పిలిచావని. "నేను పుట్టినప్పుడు నీళ్లు పోసింది అక్కయ్య. నాకు జ్వరమొస్తే తల దగ్గర కూర్చునేది అక్కయ్య. ఇల్లంతా మంచి చేసే మనిషి గడప దగ్గరకొచ్చేసరికి ఎలా చెడుతుందిరా?" అన్నాడు. మరుసటి ఏడు మళ్లీ ఇంటర్వ్యూకు వెళుతూ మళ్లీ ఆవిడనే పిలిచాడు. ఈసారి అత్తయ్య చాట కింద పెట్టి వచ్చింది.

ఆ రెండో ఉద్యోగం ఏమైందో మాత్రం చెప్పను. చెబితే నువ్వు దాన్ని రుజువుగా పట్టుకుంటావు.

గిరీశం వాదమూ మా నాన్న వాదమూ రెండూ యుక్తులే. గిరీశం యుక్తి ఖర్చు బుచ్చమ్మ భరించింది. మా నాన్న యుక్తి ఖర్చు మా నాన్నే భరించాడు, ఉద్యోగం రాకపోయినా మాట మార్చుకోలేదు. నీ పూజారి అడిగే ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం ఇంతవరకే.

ఇంకొకటి, కొంచెం సిగ్గుతో రాస్తున్నాను. పిడివాదం గుడిలోనే ఉంటుందనుకోకు. పాతికేళ్ల వయసులో నేను ఒక సంఘం కోసం కథలు రాసేవాణ్ణి. ఒక కథలో నా కూలివాడు తాగొచ్చి పెళ్లాన్ని కొట్టాడు. నేను కళ్లారా చూసినదే రాశాను. "శ్రమజీవిని ఇలా చూపించకూడదు, ఇది మన అవగాహనకు విరుద్ధం" అన్నారు. అక్కడా అంతే, ఒక గ్రంథం, దానికో వ్యాఖ్యానం, దెబ్బలు తిన్న ఆడదాన్ని ఎవరూ పిలవలేదు. నేను ఆ వాక్యం కొట్టేశాను. కథ అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు ఆ కథను నా సంపుటాల్లో చేర్చను.

కథ వెనక్కి పంపుతున్నాను, అంచుల్లో పెన్సిలు గీతలున్నాయి. ఇంజనీరు మాటల్లో ఒక పేజీ ఉంచుకో, చాలు. రెండో పేజీలో, ఇద్దరూ అరుగు మీద వాదించుకుంటుంటే ఒక ముసలావిడ రెండు గ్లాసుల కాఫీ తెచ్చిపెట్టి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత కథలో ఎక్కడా కనబడలేదు. ఆవిడ ఎవరు? పూజారికి ఏమవుతుంది? లోపలికి వెళ్లాక ఎక్కడ నిలబడి విన్నది?